పెంపుడు చిలుకకు రక్తం కారితే ఇంట్లో ఏం చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ క్షణంలోనే మీ ఇంట్లో చిలుకకు రక్తం కారుతుంటే మొదటి ప్రశ్న ఒక్కటే చదివి ఫోను పక్కన పెట్టండి. మిగతావి పిట్ట కుదుటపడ్డాక చదువుకోవచ్చు. ఇక్కడ చిలుక అంటే మన బజార్లలో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జీలు, కాక్‌టెయిల్స్, సన్ కన్యూర్లు, ఆఫ్రికన్ గ్రేలు అన్నీ.

ఇప్పుడే రక్తం కారుతోంది. ముందు ఏం చేయాలి?

ముందు సీలింగ్ ఫ్యాను ఆపండి. తలుపులు, కిటికీలు మూసి, పిల్లల్ని, కుక్కను, పిల్లిని గది బయటికి పంపండి. తర్వాత ఒక్క పది సెకన్లు చేతులు కట్టుకుని చూడండి. రక్తం ఇంకా కారుతోందా, లేక ఎప్పుడో కారి ఆగిపోయిందా?

ఆగిపోయి ఉంటే పట్టుకోవద్దు. పట్టుకోబోతే అది పంజరమంతా కొట్టుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది, గడ్డకట్టిన చోట ఊడి మళ్ళీ మొదలవుతుంది. లైటు తగ్గించి, పంజరం అడుగున తెల్ల కాగితం పరిచి, పావుగంట దూరం నుంచి గమనించండి. కాగితం మీద కొత్త చుక్క పడకపోతే గండం చాలావరకు గడిచినట్టే.

ఇంకా కారుతుంటే పలుచని తువ్వాలుతో పట్టుకోండి. రక్తం ఏ చోటు నుంచి వస్తుందో టార్చి వేసి వెతకండి. శుభ్రమైన గాజ్ గుడ్డ, అది లేకపోతే ఉతికిన నూలు రుమాలు, ఆ చోట పెట్టి వేలితో నొక్కి ఉంచండి. గడియారం చూసి మూడు నుంచి ఐదు నిమిషాలు. మధ్యలో ఎత్తి చూడకండి. ఆగిందో లేదో చూద్దామని ప్రతి అర నిమిషానికీ ఎత్తేవాళ్ళే ఎక్కువ, దాంతో గడ్డ కట్టేదల్లా ఊడిపోతుంది. మీరు నొక్కి పట్టుకుని ఉండగా ఇంట్లో ఇంకొకరు డాక్టరుకి ఫోన్ చేయాలి. రెండోసారి ఐదు నిమిషాలు నొక్కినా ఆగకపోతే, నొక్కిన వేలు తీయకుండానే బండెక్కండి.

ఎంత రక్తం పోతే ప్రాణం మీదికి వస్తుంది?

పిట్ట ఒంట్లో రక్తం దాని బరువులో సుమారు పదో వంతు. 35 గ్రాముల బడ్జీ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా మూడు, మూడున్నర మిల్లీలీటర్లే, అంటే టీస్పూను కూడా నిండదు. ఆరోగ్యంగా ఉన్న పిట్ట తన బరువులో ఒక శాతం మేర రక్తం పోయినా తట్టుకోగలదని లెక్క. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు అనుకుంటే, బడ్జీకి అది ఏడు చుక్కలు. 90 గ్రాముల కాక్‌టెయిల్‌కి 18 చుక్కలు. 450 గ్రాముల ఆఫ్రికన్ గ్రేకి నాలుగున్నర మిల్లీలీటర్లు, అంటే దాదాపు ఒక టీస్పూను.

అయితే కంటికి కనిపించేది మోసం చేస్తుంది. తెల్ల కాక్‌టెయిల్ రెక్క మీద మూడు చుక్కలు పడి అది రెక్కలు విదిలిస్తే గోడంతా రక్తమే అనిపిస్తుంది. ఎర్ర ఈకల పిట్టలో దానికి రెట్టింపు పోయినా తెలియదు. అందుకే తెల్ల కాగితం పరవమన్నది. చుక్కలు లెక్కపెట్టి డాక్టరుకి ఆ సంఖ్య చెబితే, "చాలా రక్తం పోయిందండీ" అనడం కన్నా వంద రెట్లు ఉపయోగం.

పంజరం అడుగున ఉబ్బరించి కూర్చోవడం, కళ్ళు మూతలు పడడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగడం, నోటి లోపల పాలిపోవడం కనిపిస్తే లెక్కలు వదిలేసి బయల్దేరండి. అది షాక్‌లో ఉంది, అంటే ఒంటికి రక్తం చాలడం లేదు.

నొక్కి పట్టుకుంటే ఊపిరాడక చచ్చిపోదా?

ఎక్కడ పట్టుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. మనకున్నట్టు పిట్టలకు డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర, లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. పిడికిట్లో రొమ్మును బిగిస్తే, ముక్కూ నోరూ తెరిచే ఉన్నా, అది మీ చేతిలోనే పోతుంది. రక్తం పోయి కాదు, గట్టిగా పట్టుకోవడం వల్ల పోయిన పిట్టలున్నాయి.

మెడ చుట్టూ బొటనవేలు, చూపుడువేలు ఉంగరంలా పెట్టి తల కదలకుండా చూసుకోవడం మాత్రం భయపడాల్సింది కాదు. చిలుక గొంతు గొట్టం చుట్టూ పూర్తి వలయాలు ఉంటాయి, మెత్తగా పట్టుకుంటే నలగదు. ఒంటిని తువ్వాలు వదులుగా చుట్టుకుని ఉండాలి, రొమ్ము స్వేచ్ఛగా కదలాలి. రెక్కలు మాత్రమే అదుపులో ఉంటే చాలు. కరుస్తుంది, కరవనివ్వండి. మందపాటి తోలు గ్లవ్స్ వేసుకుంటే ఎంత బిగిస్తున్నారో మీకే తెలియదు.

పసుపు పెట్టొచ్చా? కాఫీ పొడి? పటిక?

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. మన ఇళ్ళలో వేలు తెగితే చేయి ముందు పోపులపెట్టె మీదికే పోతుంది కాబట్టి తప్పు పట్టలేం. ఒక్కొక్కటీ చెబుతాను.

కాఫీ పొడి వద్దే వద్దు. కెఫీన్ చిలుకలకు విషం. గాయం మీద పెట్టింది పిట్ట నాకి మింగుతుంది. రక్తం ఆపబోయి గుండె లయ చెడగొట్టిన వాళ్ళమవుతాం.

పసుపు విషం కాదు. కానీ తెగిన చర్మం మీద చల్లితే గాయం లోతు కనిపించదు, పొడి లోపలికి పోతుంది, తర్వాత డాక్టరు దాన్ని కడగడానికి పిట్టను ఇంకో పది నిమిషాలు హింస పెట్టాలి. డబ్బాలో తడి చెంచాలు ముంచిన పసుపు శుభ్రమైనదీ కాదు. అమ్మమ్మలతో వాదించలేక నేను చెప్పే రాజీ ఇది: గోటి చివర అయితే పెట్టుకోండి, చర్మం తెగితే మాత్రం పసుపు డబ్బా ముట్టుకోవద్దు.

మంగలి షాపులో వాడే పటిక రక్తం ఆపే మాట నిజమే. గోటి చివర తడి పటికముక్క ఆనిస్తే ఆగుతుంది, మండుతుంది కూడా. చర్మానికీ, నోటికీ వద్దు.

కొబ్బరినూనె, వాజిలైన్, జిడ్డు ఆయింట్‌మెంట్లు ఏవీ వద్దు. జిడ్డు ఒక ఈక నుంచి ఇంకో ఈకకు పాకి, ఒంటి వేడిని కాపాడే పొర పోతుంది. అసలే రక్తం పోయిన పిట్టకు చలి కూడా తోడవుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుసమని నురుగు వస్తుంటే పని చేస్తున్నట్టు ఉంటుంది గానీ, బాగున్న కణజాలాన్ని కూడా కాలుస్తుంది. ఫెవిక్విక్‌తో అతికించేశామని గర్వంగా చెప్పేవాళ్ళూ ఉన్నారు. డాక్టర్లు వాడే జిగురు వేరు, ఇది వేరు.

మొత్తం వంటింట్లో పనికొచ్చేది ఒక్కటే, కార్న్‌ఫ్లోర్. చిటికెడు తీసుకుని రక్తం కారే చోట అద్ది, పైన గాజ్ పెట్టి నొక్కండి. మింగినా ఏమీ కాదు. లోతుగా తెరుచుకున్న గాయంలో మాత్రం అది కూడా కూరవద్దు, అక్కడ వట్టి గాజ్ గుడ్డే. పెట్ షాపుల్లో దొరికే, రక్తం ఆపే స్టిప్టిక్ పౌడరు గోళ్ళకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అది కణజాలాన్ని కాల్చే మందు కాబట్టి చర్మం మీదా, ఈక ఊడిన రంధ్రంలోనూ వేయకూడదు.

గోళ్ళు కత్తిరిస్తుంటే రక్తం వచ్చింది.

టెన్షన్ పడకండి, ఇది అన్నింట్లోకీ తేలిక. గోటి లోపల సన్నని రక్తనాళం ఉంటుంది, అది తెగింది. కార్న్‌ఫ్లోరులోనో స్టిప్టిక్ పౌడరులోనో గోటి చివర అద్ది రెండు నిమిషాలు నొక్కండి. అరగంట వరకు పంజరం చువ్వలు ఎక్కనివ్వకుండా పెట్టెలో ఉంచండి. నల్ల గోళ్ళ పిట్టలకు నాళం కనిపించదు కాబట్టి కత్తిరించడం కన్నా ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయడం మేలు.

రెక్క కింద సగం మొలిచిన ఈక విరిగి ధారగా కారుతోంది. పీకేయమంటున్నారు, నిజమేనా?

బ్లడ్ ఫెదర్ అంటే ఇదే. కొత్త ఈక మొలిచేటప్పుడు దాని కాడలో రక్తం పారుతూ ఉంటుంది, పైకి నీలంగా, నల్లగా, గొట్టంలా కనిపిస్తుంది. ఈక పూర్తిగా ఎదిగాక ఆ రక్తం ఆగి కాడ తెల్లగా ఖాళీ అవుతుంది. ఎదిగీ ఎదగని దశలో విరిగితే కుళాయి తిప్పినట్టే.

పట్టకారుతో లాగేయమన్న సలహా పాతది. ఇప్పటికీ పిట్టలు అమ్మేవాళ్ళు అదే చెబుతారు. నా మాట: ముందు పీకవద్దు. విరిగిన చివర కార్న్‌ఫ్లోర్ అద్ది, గాజ్‌తో కాడను వేళ్ళ మధ్య మెత్తగా నొక్కి ఐదు నిమిషాలు ఆగండి. చాలావరకు ఆగిపోతుంది. ఆగితే వదిలేయండి, కొన్ని రోజుల్లో ఆ కాడ ఎండిపోతుంది. రెక్క పెద్ద ఈకలు ఎముకకు అంటుకుని ఉంటాయి. రెక్కను సరిగ్గా ఆనించి పట్టుకోకుండా లాగితే సన్నని ఎముక విరుగుతుంది, మొలిచే రంధ్రం చెడితే అక్కడ మళ్ళీ ఈక సరిగ్గా రాదు. అన్నిటికీ మించి నొప్పి, గోరు ఊడబీకినంత నొప్పి. ఎంతకీ ఆగకపోతే పీకాల్సిందే, కానీ ఆ పని డాక్టరు చేతిలో జరగాలి.

మా కాక్‌టెయిల్‌కి మొదటిసారి ఇలా అయినప్పుడు రాత్రి పన్నెండున్నర. పట్టకారు చేతిలో పట్టుకుని పంజరం ముందు నిలబడ్డాను. చేయి వణికి లాగలేకపోయాను. ఆ వణుకే దాని రెక్కను కాపాడిందని తర్వాత అర్థమైంది.

రాత్రిళ్ళు ఉన్నట్టుండి కొట్టుకుని గాయం చేసుకుంటోంది. ఎందుకు?

కాక్‌టెయిల్స్‌లో ఇది మామూలు. చీకట్లో బల్లి పాకినా, వీధిలో టపాకాయ పేలినా ఉలిక్కిపడి గుడ్డిగా ఎగురుతాయి, చువ్వలకు కొట్టుకుంటాయి, బ్లడ్ ఫెదర్లు విరుగుతాయి. చిన్న బెడ్‌లైటు వెలిగించి ఉంచండి. దీపావళికి లోపలి గదిలోకి మార్చండి. కొట్టుకుంటున్నప్పుడు చేయి పెట్టకుండా లైటు వేసి మెల్లగా మాట్లాడండి, కొమ్మ దొరికాక అదే సర్దుకుంటుంది.

ముక్కు చివర విరిగింది. నాలుక తెగింది.

ముక్కు కొన చిట్లితే గోటికి చేసినట్టే కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కొచ్చు, నాసికా రంధ్రాలు మూయకుండా. స్టిప్టిక్ నోట్లోకి పోతుంది కాబట్టి వద్దు. ముక్కు మొదట్లో చీలినా, ఊగుతున్నా అదే రోజు డాక్టరు దగ్గరికి. నాలుక గాయం ఇంట్లో చేసేది కాదు. నోటిలోని రక్తం ఊపిరిలోకి పోయే ప్రమాదం ఉంది, తల కాస్త కిందికి ఉండేలా పట్టుకుని వెళ్ళండి.

పిల్లి పట్టుకుంది కానీ విడిపించాం. చిన్న గీత తప్ప ఏమీ లేదు.

ఆ చిన్న గీతే భయపడాల్సింది. పిల్లి నోట్లో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. సూది మొనంత పంటి గాటు ఈకల కింద కనిపించదు, రక్తమూ రాదు, పిట్ట ఆ సాయంత్రం గింజలు కూడా తింటుంది. ఒకటి రెండు రోజుల్లో రక్తమంతా విషమై పోతుంది. గాయం కనిపించినా, కనిపించకపోయినా అదే రోజు యాంటీబయాటిక్ మొదలవ్వాలి. "బాగానే ఉంది కదా, రేపు చూద్దాం" అనడానికి వీల్లేని సందర్భం ఇది. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ చుక్కలు పోయకండి, మోతాదు గ్రాముల లెక్కన ఉంటుంది.

ఫ్యాను తగిలింది. రక్తం లేదు, కానీ మత్తుగా ఉంది.

తలకు దెబ్బ. చీకటి పెట్టెలో, కొమ్మ లేకుండా, మడిచిన తువ్వాలు మీద ఉంచండి. రక్తం పోయిన పిట్టకు వేడి కావాలి గానీ తలకు దెబ్బ తగిలిన పిట్టకు అదనపు వేడి పెట్టకూడదు, మెదడులో వాపు పెరుగుతుంది. రెక్క వేలాడుతుంటే ఎముక విరిగినట్టు. సరిచేయబోకండి, పుల్లలు కట్టకండి. చిలుక భుజం దగ్గరి ఎముక లోపల గాలి గది ఉంటుంది, అది ఊపిరి సంచులతో కలిసి ఉంటుంది. అక్కడ తెరుచుకున్న గాయాన్ని నీళ్ళు పోసి కడిగితే ఊపిరిలో పోసినట్టే.

వెచ్చగా ఉంచమంటారు. ఎంత వెచ్చగా?

పెట్టె లోపల 29 నుంచి 32 డిగ్రీలు. చలికాలంలో అట్టపెట్టె పక్కన, లోపల కాదు, గోరువెచ్చని నీళ్ళ సీసా తువ్వాలులో చుట్టి ఆనించండి. పెట్టెలో ఒక వైపే వెచ్చగా ఉండాలి, ఎక్కువైతే అది రెండో వైపుకి జరుగుతుంది. మన మే నెలలో, రెంటచింతలలోనో రామగుండంలోనో ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదు, వాళ్ళు పెట్టెను నీడలో పెట్టుకుంటే చాలు. పిట్ట నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెడితే వేడి ఎక్కువైందని అర్థం.

ఇంకో సంగతి చెప్పడం ఎవరికీ గుర్తుండదు: చీమలు. రక్తం, గింజల పొట్టు ఉన్న పెట్టెను నేల మీద పెడితే తెల్లారేసరికి చీమల బారు ఉంటుంది, కదలలేని పిట్ట తప్పించుకోలేదు. నీళ్ళ పళ్ళెంలో ఇటుక పెట్టి దాని మీద పెట్టె పెట్టండి. గాయం మీద ఈగ వాలకుండా పలుచని గుడ్డ కప్పండి.

నీళ్ళు తాగించాలా? నొప్పి మందు వేయాలా?

నోట్లో చుక్కలు పోయకండి. ఊపిరి రంధ్రం నాలుక వెనకే ఉంటుంది, నీరసంగా ఉన్న పిట్ట మింగలేక ఊపిరిలోకి లాగేస్తుంది. గిన్నెలో నీళ్ళు, బడ్జీ అయితే ఒక కొర్రకంకి, అడుగునే అందేలా పెట్టండి. తానే తాగితే మంచి గుర్తు.

మన పారాసిటమాల్, డైక్లోఫినాక్ వద్దు. పశువులకు వేసిన డైక్లోఫినాక్, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు దెబ్బతీసి వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో ప్రభుత్వం పశువులకు దాన్ని నిషేధించాల్సి వచ్చింది. మీ చిలుక రాబందు కాదు నిజమే, కానీ ఆ ప్రయోగం మీరు చేయనక్కర్లేదు. డాక్టరు బరువు చూసి వేసే నొప్పి మందులు వేరే ఉన్నాయి.

రెట్టలో ఎర్రగా వస్తోంది. రక్తమేనా?

ముందు నిన్న ఏం పెట్టారో గుర్తు చేసుకోండి. బీట్‌రూట్, ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ తిన్న చిలుక రెట్ట చూసి పరుగెత్తుకొచ్చినవాళ్ళు బోలెడు మంది. అవేవీ పెట్టకపోతే తీవ్రంగా తీసుకోండి. జింకు పూత పూసిన తీగ, పాత తాళంచెవి, సీసం గుళ్ళు కొరికిన చిలుకలకు మూత్రం ఎర్రగా మారొచ్చు. ఆడ పిట్ట తోక ఆడిస్తూ ముక్కుతూ, మలద్వారం దగ్గర రక్తం కనిపిస్తే లోపల గుడ్డు ఇరుక్కుని ఉండొచ్చు. నొక్కి బయటికి తీయబోతే గుడ్డు లోపలే పగులుతుంది. మలద్వారం నుంచి కండ బయటికి జారితే నార్మల్ సెలైన్‌తో తడుపుతూ వెంటనే తీసుకెళ్ళండి.

రాత్రి పదకొండు. ఎక్కడికి వెళ్ళాలి?

నిజం చెప్పాలంటే, చిలుకల వైద్యం బాగా తెలిసినవాళ్ళు పెద్ద నగరాల్లోనే కొద్దిమంది. అందుకే ఈ పని గాయమైన రాత్రి కాదు, పిట్టను కొన్న వారంలోనే చేయాలి: పక్షులను చూసే డాక్టరు ఎవరు, రాత్రి ఫోను ఎత్తుతారా అని కనుక్కోవడం. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, ఆంధ్రలో గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి. ఏ వేళకు చూస్తారో ముందే ఫోన్ చేసి అడిగి పెట్టుకోండి. 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలది, ప్రధానంగా గేదెలు, గొర్రెల కోసం. చిలుక డాక్టరు దొరుకుతాడని దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

రక్తం ఆగి, పిట్ట నిలబడి ఉంటే తెల్లారేవరకు చీకటి పెట్టెలో ఉండొచ్చు. గాయం ఫొటో, ఊపిరి ఎలా తీస్తుందో అర నిమిషం వీడియో, పిట్ట బరువు డాక్టరుకి వాట్సాప్‌లో పంపండి. మళ్ళీ మళ్ళీ తీసి చూడొద్దు, టార్చి వేసి రంధ్రంలోంచి చూస్తే చాలు.

ఇంట్లో ఏమేం ఉంచుకోవాలి?

గాజ్ గుడ్డ, కార్న్‌ఫ్లోర్ చిన్న డబ్బా, స్టిప్టిక్ పౌడరు, 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ సీసా, బెటాడిన్ లోషన్, మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర, పలుచని తువ్వాలు, టార్చి. బెటాడిన్‌ను పలుచని టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపే వాడాలి. గ్రాములు చూపే వంటింటి కాటా కూడా కొనండి. వారానికోసారి బరువు రాసి పెడితే, పదో వంతు తగ్గిన రోజు పిట్ట జబ్బు మీకు ముందే తెలుస్తుంది. గాలి ఆడే అట్టపెట్టె అటక మీద కాదు, చేతికి అందేచోట ఉండాలి.

రామచిలుక గాయపడి మా బాల్కనీలో పడింది. పెంచుకోవచ్చా?

పెంచుకోకూడదు. మెడకు గులాబీ పట్టీ ఉండే రామచిలుక, భుజం మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, పంజరంలో పెట్టడం నేరం. ప్రథమ చికిత్స చేసి అటవీశాఖకో, జంతు సంరక్షణ సంస్థకో అప్పగించండి. ఇప్పటికే ఇంట్లో ఉన్న రామచిలుకకు దెబ్బ తగిలితే, కేసు భయంతో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా దాచేవాళ్ళున్నారు. ముందు వైద్యం చేయించండి, తర్వాత అటవీశాఖ వాళ్ళతో మాట్లాడండి.

సంక్రాంతికి ఇలా పడే పిట్టలకు ఎక్కువగా మాంజా (గాలిపటం దారం) గాయాలే. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించినా, జనవరి వచ్చేసరికి చెట్ల కొమ్మల్లో వేలాడుతూనే ఉంటుంది. దారాన్ని లాగవద్దు, లాగితే రంపంలా కోస్తుంది. గాయానికి అటూ ఇటూ రెండు అంగుళాలు వదిలి కత్తిరించండి, లోపల దిగిన ముక్కను అలాగే ఉంచండి. రెక్కను మడవబోకుండా పిట్టను పెట్టెలో పెట్టి మూత వేయండి. చెట్టుకి ఇంకా దారం వేలాడుతుంటే వెదురు గడతో దాన్ని కూడా దించి చుట్టచుట్టి పారేయండి, సాయంత్రం గూటికి చేరే గుంపు అదే దారిన వస్తుంది.